తల చూడటం నేర్పిన ఎస్తేరమ్మ గారు

మొన్న ఆదివారం షాపు తీసిన కాసేపటికే ఒకాయన నాలుగేళ్ళ కొడుకుని ఎత్తుకొచ్చాడు. గన్నవరం ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడట, అత్తగారింటికి కొండపల్లి వచ్చి, పనిలో పనిగా పిల్లవాడికి కటింగ్ చేయిద్దామనుకున్నాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క పలక వేసి వాణ్ణి కూర్చోబెట్టాను. మెడ చుట్టూ గుడ్డ కడుతుంటే, వెనక జుట్టు మొదలయ్యే చోట, నా వేలికి బటానీ గింజంత బిళ్ళ ఒకటి తగిలింది. దాని పక్కనే ఇంకోటి. చర్మం కింద అటూ ఇటూ జారుతున్నాయి. మెషీన్‌ని మళ్ళీ మేకుకి తగిలించి, జుట్టు పాయలు విడదీసి చూశాను. నడినెత్తికి కాస్త కుడిపక్కగా రూపాయి బిళ్ళంత మేర బూడిద రంగు పొట్టు. ఆ మేరలో వెంట్రుకలు మొదలంటా విరిగిపోయి నల్లటి చుక్కల్లా ఉన్నాయి.

“చుండ్రేగా అండీ? మా ఆవిడ ఏదో షాంపూ వాడుతోంది,” అన్నాడు తండ్రి.

“చుండ్రు కాదేమోనండీ. ఇంత చిన్న పిల్లల్లో చుండ్రు ఇలా ఒక్కచోటే వచ్చి జుట్టు విరగదు. ఇవాళ కటింగ్ వద్దు. రేపు స్కిన్ డాక్టరుకి చూపించండి. ఏమిటో ఆయనే చెప్తారు. ఈలోగా వీడి దువ్వెన, తువ్వాలు, టోపీ ఇంకెవరికీ ఇవ్వకండి,” అన్నాను.

ఆయన నన్నూ షాపునీ ఒకసారి చూశాడు. పని వద్దని పంపించే మంగలిని ఆయన ఇంతవరకూ చూసి ఉండడు. “ఇవన్నీ మీకు ఎవరు నేర్పారండీ?” అన్నాడు. “మా వెనక వీధిలో ఒకావిడ ఉండేవారండీ, నర్సుగారు,” అని మాత్రం చెప్పాను. ఆయన వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆ బిళ్ళల స్పర్శ నా వేలి కొసన ఉండిపోయింది. ఎస్తేరమ్మ గారి గురించి అంత తొందరగా, నాలుగు మాటల్లో చెప్పేయడం బాగుండలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎస్తేరమ్మ గారు ఒక మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సుగా ముప్పై ఏళ్ళ పైన పనిచేసి, రిటైరయ్యాక మా వెనక వీధిలో రెండు గదుల ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. పెళ్ళి చేసుకోలేదు. పొట్టి మనిషి. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు, ఒంటి మీద లేత రంగు నూలు చీర. మెత్తని మనిషి అని మాత్రం చెప్పలేను. పాలలో నీళ్ళు కలిశాయని పాలవాణ్ణి వీధి వీధంతా వినేలా కేకలేసేవారు. కానీ పిల్లలు ఎదురైతే నిలబడిపోయేవారు. ఎవరి పిల్లలైనా సరే తల మీద చెయ్యి పెట్టి, మెల్లిగా మెడ దాకా నిమిరి, ఒక మాటేదో అడిగి వదిలేసేవారు. మా వాడలో అందరూ దాన్ని ఆశీర్వాదం అనుకునేవాళ్ళు. హిందువులు కూడా పిల్లల్ని కావాలని ఆవిడ ముందుకి తోసేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను. ఆవిడ వేళ్ళు జుట్టు లోపల పని చేస్తున్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పదకొండేళ్ళ కిందటి సంగతి. మా నాన్న పోయి షాపు పూర్తిగా నా చేతికొచ్చిన కొత్త. జూన్‌లో బడులు తెరిచే ముందు మాకు పిల్లల రద్దీ ఎక్కువ. తల్లులు ఇద్దరేసి ముగ్గురేసి పిల్లల్ని తీసుకొచ్చి, “పొట్టిగా కొట్టెయ్ శీనూ, మళ్ళీ దసరా దాకా చూసుకోనక్కర్లేదు,” అనేవాళ్ళు. ఆడపిల్లలకి కూడా అయిదారేళ్ళు వచ్చేదాకా నా దగ్గరే బాబ్ కటింగ్. నా దగ్గర ఒకటే మెషీన్. ఒక తల అయ్యాక ఫూ అని ఊది, బ్రష్‌తో దులిపి, రెండో తలకి పెట్టేవాణ్ణి. దువ్వెనలూ అంతే, తువ్వాలూ అంతే. మా నాన్న అలాగే చేశాడు, చుట్టుపక్కల షాపుల వాళ్ళూ అలాగే చేస్తున్నారు. పెద్దవాళ్ళ గడ్డానికి మాత్రం కొత్త బ్లేడు వేసేవాణ్ణి, వాళ్ళు అడుగుతారు కాబట్టి. పిల్లలు అడగరు.

జూలైలో ఒక మంగళవారం, షాపుకి సెలవు రోజు, ఎస్తేరమ్మ గారు నేరుగా మా ఇంటికే వచ్చారు. షాపు వెనకే మా ఇల్లు. గొడుగు మూసి గోడకి ఆనించి, ఇచ్చిన కుర్చీలో కూర్చోకుండా, “శీనూ, బడులు తెరిచేముందు ఎవరెవరి పిల్లలకి కటింగ్ చేశావో గుర్తుందా?” అని అడిగారు.

“చాలామందికి చేశానండీ. ఏమైంది సిస్టరుగారూ?”

“మా సండే స్కూల్లో ఇద్దరు పిల్లలకి తల మీద తామర కనిపించింది. మొన్న బజారులో ఇంకో పిల్లని చూశాను. ఆ ముగ్గుర్నీ డాక్టరు దగ్గరికి పంపాను. ముగ్గురి తల్లులూ నీ షాపు పేరే చెప్పారు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “తామర నా షాపులోనే అంటుకుందని ఎవరన్నారండీ? వాళ్ళ ఇళ్ళల్లో శుభ్రం లేకపోతే దానికి నేనా? బళ్ళో పక్కపక్కన కూర్చోరా, ఒకళ్ళ టోపీలు ఒకళ్ళు పెట్టుకోరా?” అని గట్టిగానే అన్నాను. మా ఆవిడ రమణ వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది.

ఎస్తేరమ్మ గారు కోపం తెచ్చుకోలేదు. “అలా కూడా అంటుకోవచ్చు. కాదనను. మీ చరణ్ ఏడీ? ఒకసారి పిలువు,” అన్నారు.

చరణ్‌కి అప్పటికి మూడేళ్ళు. నేనే వాడికీ కటింగ్ చేసింది. రమణ వాణ్ణి ఎత్తుకొచ్చి, “వీడికి చుండ్రు పట్టిందండీ, వేపాకు నూరి పట్టిస్తున్నాను,” అంది. ఎస్తేరమ్మ గారు వాణ్ణి గుమ్మంలో వెలుతురు వైపు తిప్పి, మెడ వెనక తడిమి, నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టారు. బిళ్ళలు. తర్వాత చెవి పైన జుట్టు విడదీశారు. వేపాకు పసరు ఎండిన పెళ్ళల మధ్య, గుండ్రంగా, వెంట్రుకలు విరిగిన చోటు. నా కొడుకు తల. రోజూ రాత్రి నా ఛాతీ మీదే పడుకుంటాడు వాడు. ఊళ్ళో వాళ్ళ తలలన్నీ చూసేవాణ్ణి, ఆ తల చూడలేదు. పొట్టిగా కొట్టేయడం, తల చూడటం ఒకటి కాదని నాకు అప్పుడే తెలిసింది.

నేను వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. “అయితే మా వాడి నుంచే అందరికీ వచ్చిందంటారా?” అన్నాను.

“ఎవరి దగ్గర మొదలైందో ఇప్పుడు చెప్పలేం, శీనూ. ఎవరి నుంచి వీడికొచ్చిందో కూడా తెలీదు. మెషీన్ మధ్యలో ఉందన్నది మాత్రం నిజం. ఇది నయమయ్యేదే. కానీ ఆలస్యమైతే కొందరిలో అక్కడ మళ్ళీ జుట్టు రాదు. నువ్వు చేసిన పిల్లలందరి ఇళ్ళకీ వెళ్ళి చెప్పాలి.”

“మీరు చెప్పండమ్మా. మీ మాట వింటారు.”

“తోడొస్తాను. నేను చెప్పను. నువ్వే చెప్పాలి.”

“చెబితే రేపట్నుంచి నా షాపు గడప ఎవరు తొక్కుతారండీ?”

“తొక్కకపోవచ్చు,” అన్నారు ఆవిడ. అబద్ధపు ధైర్యం చెప్పలేదు. నాకు అదే ఇప్పటికీ గుర్తు. గొడుగు తీసుకుని, “సాయంత్రం అయిదింటికి వస్తాను,” అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు తిరిగాం. చాలా ఇళ్ళల్లో పిల్లల తలలు బాగానే ఉన్నాయి. వాళ్ళు కంగారుపడి, విసుక్కుని, ఊరుకున్నారు. మొదట వెళ్ళింది థర్మల్ స్టేషన్ ఉద్యోగి ఒకాయన ఇంటికి. వాళ్ళ అబ్బాయికి నెత్తి మీద రెండు చోట్ల ఊడింది. నేను నసుగుతూ సంగతి చెప్పగానే ఆయన భార్య అందుకుంది. “ఇంత శుభ్రం లేకుండా పిల్లల తలల మీద మెషీన్ ఎలా పెడతావయ్యా? మేం మా అబ్బాయి బళ్ళో తెచ్చుకున్నాడేమోనని టీచరు మీద అరిచొచ్చాం,” అని గేటు బయట నిలబెట్టి కడిగేసింది. పక్క క్వార్టర్ల వాళ్ళు బయటికొచ్చి చూశారు. ఎస్తేరమ్మ గారు నా పక్కనే నిలబడి, అదంతా అయ్యాక, పిల్లవాడికి ఏ డాక్టరుకి చూపించాలో చెప్పి, నమస్కారం పెట్టి వచ్చేశారు. దారిలో నేను ఉక్రోషంగా, “మీరు ఒక్క మాట కూడా అనలేదేంటండీ?” అన్నాను.

“ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?” అన్నారు ఎస్తేరమ్మ గారు.

రెండోది బొమ్మల కాలనీలో ఇల్లు. ఇంటాయన వరండాలో కూర్చుని చెక్క ఏనుగుకి తొండం చెక్కుతున్నాడు. నేను చెప్పినంతసేపూ చెక్కుతూనే విని, చివరికి ఉలి పక్కన పెట్టి, “మావాడూ మీవాడూ ఒకటే టోపీ పెట్టుకుని తిరిగారు ఎండాకాలమంతా. ఎవరు ఎవరికిచ్చారో ఏం చెప్తాం శీనూ. కూర్చో, మంచినీళ్ళు తాగు,” అన్నాడు. తిట్లు తిని వచ్చినవాణ్ణి, ఆ మంచినీళ్ళ గ్లాసు అందుకోగానే నాకు ఏడుపొచ్చింది.

మూడో రోజు వెళ్ళింది ధనమ్మ ఇంటికి. ధనమ్మ వాళ్ళది కొల్లేటి పక్క. చేపల పని మీద భార్యాభర్తలు ఇటు వచ్చేసి, రైలు పట్టాల అవతల రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయన కృష్ణలో వలలకి వెళ్ళేవాడు, ఆమె బజారులో చేపలు అమ్మేది. వాళ్ళ కూతురు నాగమణికి అయిదేళ్ళు. పేలు ఎక్కువయ్యాయని జూన్‌లో నేనే దానికి పొట్టిగా కత్తిరించాను. మేం వెళ్ళేసరికి ఆ పిల్ల మంచం మీద మూలకి ముడుచుకుని కూర్చుంది. తలకి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద పసుపు, రక్తం, చీము మరకలు.

“సెగ్గడ్డ లేచిందమ్మా,” అంది ధనమ్మ. “సున్నం బెల్లం పట్టేశాను, చితకలేదు. మా వీధిలో సూదిమందేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే మొన్న కోశాడు. చీమేం పెద్దగా రాలేదు, రక్తం మాత్రం బాగా పోయింది. పిల్లకి జ్వరం.”

ఎస్తేరమ్మ గారి మొహం మారిపోవడం నేను చూశాను. కానీ గొంతులో ఏమీ తెలియనివ్వలేదు. మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. పిల్ల రెండు చేతులతోనూ తల పట్టేసుకుంది. “నీ పేరేంటమ్మా? నాగమణా? నాగమణీ, నీ తల నేనిప్పుడే చూడన్లే. ముందు నా తల నువ్వు చూడు. పేలున్నాయేమో చెప్పు,” అని ఆవిడ ముడి విప్పి తల వంచారు. పిల్ల చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లిగా ఒక చెయ్యి తీసి, ఆ నెరిసిన జుట్టులో వేళ్ళు పెట్టి, వెతికి, “పేలు లేవు. తెల్లగా ఉంది,” అంది. “అంతేనా? సరే, ఇప్పుడు నీది చూడనా?” అంటే తలూపింది.

గుడ్డ విప్పితే, నిమ్మచెక్కంత మెత్తని వాపు. వెంట్రుకలు జిగురుకి అంటుకుపోయి, పైన పెచ్చులు కట్టి, మధ్యలో అడ్డంగా కోసిన గాటు. వాపు మీద మిగిలిన వెంట్రుకలు ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. ధనమ్మ ఏడుస్తోంది. “నేను సరిగ్గా నీళ్ళు పొయ్యనని, చేపల కంపుతో పిల్లని ఎత్తుకుంటానని అందరూ నన్నే అంటున్నారమ్మా. మా అత్త కూడా అదే అంటోంది.”

“నీ తప్పు కాదు ధనమ్మా,” అన్నారు ఎస్తేరమ్మ గారు. “రోజూ తలంటినా ఇది వస్తుంది. చేపలకీ దీనికీ సంబంధం లేదు.” అని నా వైపు చూశారు.

ఎలా చెప్పానో నాకు తెలియదు. “నా మెషీన్ వల్ల వచ్చి ఉంటుంది ధనమ్మా. మా వాడికీ ఉంది. దానితోనే నీ కూతురికీ కత్తిరించాను,” అన్నాను. ధనమ్మ ఏడుపు ఆపి నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను కాదు, గుమ్మంలో నిలబడ్డ అత్తగారిని చూసి, “విన్నావా? నా వల్ల కాదంట,” అంది.

మర్నాడు పొద్దున్నే పాసింజర్ రైల్లో నలుగురు పిల్లల్ని, వాళ్ళ తల్లుల్ని తీసుకుని బెజవాడ వెళ్ళాం. థర్మల్ ఆవిడ మాతో రాలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ప్రైవేటు డాక్టరుకి చూపించుకుంటామని కబురు చేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ ఒక్కొక్క తల నుంచీ కాస్త పొట్టు గీకి, రెండు విరిగిన వెంట్రుకలు పీకి, అద్దపు పలక మీద వేసి పరీక్షకి పంపింది. నాగమణి తల చూసి మాత్రం, ఎవరు కోశారని అడిగింది. తర్వాత ధనమ్మకి అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది. “ఇది సెగ్గడ్డ కాదమ్మా. ఇదీ తామరే. తామర మీద ఒళ్ళు ఎదురు తిరిగితే ఇలా వాచిపోతుంది. చూడటానికి చీముగడ్డలాగే ఉంటుంది, కానీ కోయకూడదు. మందుతో తగ్గుతుంది. తగ్గాక ఇక్కడ కొంచెం మచ్చ మిగలొచ్చు.”

పైన రాసుకునే ఆయింట్‌మెంటు ఇవ్వమని నేను అడిగాను. తామర వెంట్రుక మొదట్లో ఉంటుంది, పైన రాసింది అక్కడిదాకా వెళ్ళదు, కొన్ని వారాలు మందు మింగాల్సిందే అంది డాక్టరమ్మ. ఇంకొకళ్ళకి అంటకుండా వారానికి రెండుసార్లు మందు షాంపూతో రుద్దమంది. ఇంట్లో మిగతా పిల్లల తలలు కూడా చూపించమంది. బయటికొచ్చాక వరండాలో ఎస్తేరమ్మ గారు తల్లుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని అదంతా మళ్ళీ చెప్పారు. మందు అన్నం తిన్నాక వెయ్యండి, పాలో గుడ్డో పెట్టండి, ఒంటికి బాగా పడుతుంది. గుండు కొట్టించనక్కర్లేదు. పదిరోజుల్లో బాగైనట్టు కనిపిస్తుంది, అప్పుడు ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది, డాక్టరుగారు చాలన్నదాకా ఆపొద్దు. ఒక్కొక్క తల్లి చేతా తిరిగి చెప్పించుకున్నారు. నా చేత కూడా.

ఆవిడ భయపడినట్టే అయింది. మూడో వారానికి వాపు దిగి, జ్వరం పోయి, నాగమణి ఆడుకోవడం మొదలుపెట్టగానే ధనమ్మ మందు ఆపేసింది. అది తెలిసిన రోజు ఎస్తేరమ్మ గారు ధనమ్మని ఏమీ అనలేదు, నన్ను పిలిచారు. “తెల్లవారకుండా చేపలకి వెళ్ళే మనిషి. ఆమెకి గుర్తుండదు. రోజూ సాయంత్రం షాపు కట్టేముందు నువ్వెళ్ళి మందు వేశారా అని అడిగి రా,” అన్నారు. వెళ్ళాను. ముందు సిగ్గుగా ఉండేది. తర్వాత నాగమణే పట్టాల దగ్గర ఎదురొచ్చి నోరు తెరిచి చూపించేది, మింగేశానని. బడిలో ఆ పిల్లని విడిగా కూర్చోబెట్టారని తెలిసి ఎస్తేరమ్మ గారు డాక్టరు చీటీ పట్టుకుని వెళ్ళి హెడ్‌మాస్టరుతో దెబ్బలాడి వచ్చారు. మందు మొదలుపెట్టిన పిల్లని బడికి రానివ్వొచ్చని డాక్టరే రాసిందని చూపించారట. ఆ దెబ్బలాట నేను చూడలేకపోయాను, కానీ తర్వాత వారం రోజులు వీధిలో అందరూ దాని గురించే చెప్పుకున్నారు.

దసరాకల్లా చరణ్‌కి, మిగతా పిల్లలకి జుట్టు నిండుగా వచ్చేసింది. నాగమణికి కూడా వచ్చింది, ఒక్క ఆ గాటు చోట తప్ప. అక్కడ బొటనవేలంత మేర నున్నగా మెరుస్తూ ఉండిపోయింది. “వస్తుందా సిస్టరమ్మా?” అని ధనమ్మ అడిగితే, ఎస్తేరమ్మ గారు వేలితో ఆ చోటు నిమిరి, “ఇక్కడ రాదు ధనమ్మా. పైన జుట్టు పెరిగాక కనపడదు,” అని చెప్పారు. అక్కడ నిలబడి వినడం నాకు కష్టమైంది.

షాపు సంగతి నేను భయపడినట్టే జరిగింది. నాలుగైదు నెలలు పిల్లల తల్లులెవరూ నా వైపు రాలేదు. రెండో మెషీన్ కొన్నాను. ప్రతి తలకీ బ్లేడు విప్పి, దులిపి, స్పిరిట్‌లో నానబెట్టడం, ఎవరి గుడ్డ వాళ్ళకి, వాడిన తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతకడం మొదలుపెట్టాను. ఎస్తేరమ్మ గారు శనివారం సాయంత్రాలు వచ్చి షాపు బెంచీ మీద, పేపరు చదువుకునే మగవాళ్ళ మధ్య, గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆవిడ అక్కడ కూర్చుంటున్నారని తెలిసి తల్లులు మెల్లిగా రావడం మొదలుపెట్టారు. ఆ బెంచీ మీద నేను నేర్చుకున్నది ఏ బళ్ళోనూ నేర్చుకోలేదు.

ఒకసారి ఒక కొత్త తల్లి మూడు నెలల పాపని తెచ్చి గుండు కొట్టమంది. పాప మాడు చుట్టూ పసుప్పచ్చగా, జిడ్డుగా పెచ్చులు కట్టి ఉన్నాయి. కొబ్బరి చిప్పతో గీకమని ఎవరో చెప్పారట, గీకితే రక్తం వచ్చింది. ఎస్తేరమ్మ గారు పాపని ఒళ్ళోకి తీసుకుని, “దీనికి గుండూ వద్దు, గీకడమూ వద్దు. స్నానానికి ముందు కాస్త నూనె రాసి నాననివ్వు, మెత్తటి బ్రష్‌తో దువ్వు, పిల్లల షాంపూతో కడిగెయ్. కొన్ని నెలల్లో దానంతటదే పోతుంది. ఎర్రగా అయ్యి రసి కారితే, మెడకీ మొహానికీ పాకితే అప్పుడు డాక్టరు దగ్గరికెళ్ళు,” అన్నారు. ఆ తల్లి, “నేను ఏం తిన్నందుకు ఇలా వచ్చిందండీ?” అని అడిగింది. “నువ్వేం తిన్నందుకూ కాదమ్మా. నువ్వు భోంచేశావా ఇవాళ?” అని అడిగారు ఆవిడ. ఆ తల్లి ఏడ్చేసింది. తినలేదట.

ఇంకో శనివారం ఏడేళ్ళ పాపని తెచ్చారు. నెత్తి మీద ఒక పక్క పలచబడిపోయింది. పేనుకొరుకుడని ఉల్లిపాయ రుద్ది రుద్ది చర్మం ఎర్రగా కందిపోయింది. నేను అప్పటికి కాస్త నేర్చినవాణ్ణి కదా, “తామరేనండీ,” అన్నాను ఠీవిగా. ఎస్తేరమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. “పొట్టు ఉందా? లేదు. మెడలో బిళ్ళలున్నాయా? లేవు. పేనుకొరుకుడైతే నున్నగా, గుండ్రంగా ఉంటుంది. ఇక్కడ వెంట్రుకలు చూడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి మధ్యలో తెగింది.” పాప కుడిచేతి వైపు చూశారు. అది ఒళ్ళో పావడా అంచుని పోగులు పోగులుగా లాగుతోంది. అప్పుడు తల్లిని పక్కకి తీసుకెళ్ళి అడిగారు, ఇంట్లో ఈమధ్య ఏం మారిందని. చిన్న తమ్ముడు పుట్టాడు, పిల్లని అయిదు నెలలు నూజివీడులో అమ్మమ్మ దగ్గర వదిలేశారు. “జుట్టు తనే పీక్కుంటున్నట్టుంది. దాని చేతి మీద కొట్టకండి. మీ పక్కన పడుకోబెట్టుకోండి. పిల్లల డాక్టరుకి కూడా ఇదంతా చెప్పండి,” అన్నారు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, “నువ్వు కటింగ్ చేసేవాడివి, శీనూ. డాక్టరువి కాదు. నేనూ కాదు. చూడు, చెప్పు, పంపించు. పేరు పెట్టకు, మందు చెప్పకు,” అన్నారు. అంతకు ముందు నెలలో నేను ఒకావిడకి మందుల షాపులో దొరికే ఏదో క్రీము రాయమని చెప్పానని, దాంతో పిల్లవాడి తామర తగ్గినట్టే తగ్గి ఇంకా ఎక్కువైందని ఎస్తేరమ్మ గారికి తెలిసింది. నేను చెప్పలేదు. ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

అలా ఏడేళ్ళ పైన ఆ బెంచీ మీద కూర్చున్నారు. మోకాళ్ళు పట్టేశాక శనివారాలు తగ్గాయి. తర్వాత నేనే వెళ్ళి, ఆ వారం చూసిన తలల సంగతి చెప్పి వచ్చేవాణ్ణి. మూడేళ్ళ కిందట, నాలుగు రోజుల జ్వరంతో పోయారు. చర్చి ముందు వాకిలి సరిపోక జనం రోడ్డు మీద నిలబడ్డారు. తండ్రుల భుజాల మీద పిల్లలు. నాకు తెలిసిన తలలే చాలావరకు.

నాగమణికి నయమైన కొన్నాళ్ళకే ధనమ్మ వాళ్ళు కైకలూరు వైపు వెళ్ళిపోయారు. చాలాకాలం వాళ్ళ కబురు తెలియలేదు. పోయిన నెలలో, మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక పదహారేళ్ళ అమ్మాయి మూడేళ్ళ పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఇంటర్ పిల్లలా ఉంది. నేను గుర్తుపట్టలేదు.

“మీరు శీనన్నే కదా? నేను నాగమణినండీ. ధనమ్మ కూతుర్ని. ఇక్కడ మా పిన్ని వాళ్ళింటికొచ్చాం. వీడు మా పిన్ని కొడుకు,” అంది.

లోపలికి రమ్మన్నాను. జడ బాగా ఒత్తుగా ఉంది. నా కళ్ళు ఆమె నెత్తి మీదికి వెళ్ళడం ఆమె చూసింది. సిగ్గుపడలేదు. పాపిట పక్కన వేలు పెట్టి జుట్టు తప్పించి, “ఉంది ఇంకా. పాపిట అటు తీసుకుంటే కనపడదు,” అంది. తర్వాత, “ఇది మీ షాపులోదేనంట కదన్నా?” అని అడిగింది. అడగడంలో కోపం లేదు. నిజం తెలుసుకుందామన్నట్టు అడిగింది.

కోసింది ఇంకొకళ్ళు. అంటుకున్నది బళ్ళోనైనా కావచ్చు, టోపీతోనైనా కావచ్చు. ఈ మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. అన్నీ నిజాలే. నేను అవి చెబుతుంటే పక్కన నిలబడి వినే ఎస్తేరమ్మ గారి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

“అవునమ్మా. నా షాపులోదే అయ్యుంటుంది,” అన్నాను.

నాగమణి తలూపింది. “మా అమ్మ కూడా అదే చెప్పింది. మీరే ఇంటికొచ్చి చెప్పారంట,” అంది. అని తమ్ముణ్ణి ఎత్తి, కుర్చీలో కూర్చోబెట్టడానికి నా చేతికిచ్చింది.